నారుకు ఏ వెలుగు మేలు: ఊదా దీపమా, తెల్ల ట్యూబా?

వానలు మొదలైనప్పటి నుంచి ఒకే ప్రశ్న. మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే మిరప నారు సన్నగా సాగిపోతోంది, లైట్లు పెడదామనుకుంటున్నాం, ఎరుపు, నీలం కలిసి ఊదాగా వెలిగే గ్రో లైట్లు (మొక్కల కోసం చేసిన దీపాలు) కొనాలా, మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు సరిపోతాయా? గుంటూరు చుట్టుపక్కల చిన్న నర్సరీల వాళ్లూ, విజయవాడలో మేడ మీద గదిలో నారు పోసుకునే వాళ్లూ ఇదే అడుగుతున్నారు. రెండూ వాడి చూశాను కాబట్టి చెబుతున్నాను.

షేడ్‌నెట్ కింద పెంచేవాళ్లు ముందు మబ్బు రోజుల్లో నెట్ పక్కకు లాగి చూడండి. పైన పాలిథిన్ ఉంటే వాన భయం కూడా లేదు. చాలామందికి కరెంటు ఖర్చు లేకుండానే పని జరుగుతుంది. ఈ పోలిక గదిలో అరల మీద ట్రేలు పేర్చుకునే వాళ్ల కోసం.

సోడియం దీపాల మాట వదిలేయండి. అవి చిమ్మే వేడికి మన ఉక్కపోతలో చిన్న గది పొయ్యి అవుతుంది. ఫిలమెంట్ బల్బు కింద నారు ఇంకా సాగుతుంది. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు మొక్కకు మంచిదే కానీ, 36 వాట్ల ట్యూబు చోక్‌తో కలిపి 45 వాట్లు దాటి లాగుతుంది, వెలుగులో సగం పైకప్పుకే పోతుంది. ఉన్నవి వాడుకోండి, కొత్తగా కొనకండి.

ఇక అసలు పోటీ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అరలో 98 గుంటల ప్రోట్రేలు (గుంటకో మొక్క చొప్పున నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) నాలుగు పడతాయి, అంటే 392 మొక్కలు. దానిపై 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగు కడితే 80 వాట్లు. రోజుకు 16 గంటలు వెలిగితే 1.28 యూనిట్లు, నెలకు 38 చిల్లర. అంత నారుకు ఇది భరించలేని ఖర్చు కాదు.

కాగితం మీద ఎరుపు–నీలమే గెలుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పే. దాని మీది పసుపు పూత నీలం వెలుగులో కొంత భాగాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది, ఆ మార్పులో కొంత శక్తి వేడిగా పోతుంది. 660 నానోమీటర్ల ఎరుపు చిప్పుకు ఆ నష్టం లేదు. కాబట్టి మంచి ఎరుపు–నీలం దీపం అదే కరెంటుకు ఆకుకు పనికొచ్చే వెలుగు ఎక్కువే ఇస్తుంది. అయితే అన్నీ మంచివి కావు. నేను కొన్న ప్యానెల్ పెట్టె మీద 1000 వాట్లని ఉంది, మీటరు పెట్టి చూస్తే 100 దాటలేదు.

అయినా నేను దాన్ని తీసేసింది అందుకు కాదు. నిరుడు శ్రావణంలో ఒక అర మొత్తం ఊదా వెలుగులో పెంచాను. రోజూ పొద్దున, సాయంత్రం చూస్తూనే ఉన్నాను, ఏ తేడా కనిపించలేదు. మా దగ్గర నారు పని చేసే పిన్ని ఒక ట్రే వాకిట్లోకి తెచ్చి, "బాబూ, లోపల ఆకు నల్లగా కనిపించింది, ఇక్కడ చూస్తే పసుపు పట్టింది. ఏది నిజమనుకోవాలి?" అంది. వంగి చూశాను. ఒక మూలన మొక్కల మొదళ్లు నీరు పట్టినట్టు మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి, సూదిలా సన్నబడ్డాయి. వేలు తగిలితే పక్కకు ఒరిగిపోయాయి. నారుకుళ్లు. అప్పటికే పక్క ట్రేకీ పాకింది. ఆ రెండు ట్రేలూ పారేశాను.

నారు పెంపకమంతా కంటి మీద నడిచే పని. నీరు ఎక్కువైందా, పోషకం తగ్గిందా, తామర పురుగు తగిలి ఆకు ముడుచుకుంటోందా, అన్నీ రంగులోనూ ఆకు తీరులోనూ ముందు కనిపిస్తాయి. ఊదా వెలుగులో ఆకుపచ్చ నల్లబడుతుంది, పసుపు జాడే తెలియదు. కరెంటులో మిగిలే నాలుగు రూపాయల కోసం కళ్లకు గంతలు కట్టుకోవడం నాకు సమ్మతం కాదు. గంటల తరబడి ఆ వెలుగులో ఖాళీ గుంటలు నింపే ఆడవాళ్ల తలనొప్పి సంగతి కూడా ఆలోచించండి.

అందుకే నా ఓటు తెల్ల ట్యూబుకే. అందులోనూ వెలుగు ఛాయను చెప్పే అంకె 6500 కెల్విన్ అని రాసి ఉన్నది తీసుకోండి. పసుపు ఛాయ ఉన్న 3000 కన్నా అందులో నీలం ఎక్కువ, కాండం పొట్టిగా, గట్టిగా వస్తుంది. ట్యూబు పాడైతే వీధి చివరి కొట్లో ఇంకొకటి దొరుకుతుంది. ఎరుపు–నీలమే కొనేశామంటారా, పారేయనక్కర్లేదు. పక్కన ఒక తెల్ల ట్యూబుకు వేరే స్విచ్ పెట్టుకుని, నారు చూసేటప్పుడు ఊదా ఆర్పి అది వేయండి.

ఏది కట్టినా టైమర్ పెట్టండి. టమాటా నారుకు 24 గంటలూ వెలుగు ఆపకుండా ఇస్తే ఆకులు పాలిపోతాయి. మొలక పైకి లేచిన రోజే లైటు పడాలి, ఒక్క రోజు ఆలస్యమైనా మెడ సాగుతుంది. ట్యూబులను గొలుసుతో వేలాడదీస్తే మొక్క పెరిగేకొద్దీ ఒక్కో కొక్కెం పైకి జరపవచ్చు. మా అరల్లో చిగురుకూ ట్యూబుకూ మధ్య జానెడు ఎడం ఉంచుతున్నాం.