వింగ్స్ ఏ వైపు ఉండాలో తెలిసిన దుకాణం

సైన్యంలో పనిచేసిన మా నాన్నగారి పతకాలు, మెరూన్ బెరెట్ (టోపీ), పారాచూట్ వింగ్స్ (పారాచూట్‌తో దూకే సైనికులు ధరించే రెక్కల గుర్తు గుడ్డ బ్యాడ్జీ) మూడింటినీ ఒకే అద్దాల పెట్టెలో అమర్చి హాల్లో పెట్టుకోవాలని మా అమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. పాత వింగ్స్ గుడ్డను పురుగు కొట్టేయడంతో మొదట ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించాను. తెల్లని పారాచూట్, ఇరువైపులా లేత నీలి రెక్కలు ఉండవలసిన చోట ముదురు నీలం రెక్కలు వచ్చాయి, పారాచూట్ కింద తాళ్లే లేవు. నాన్నగారు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

తరువాత తిరుమలగిరిలో మిలిటరీ బ్యాడ్జీలు కుట్టి, ఫ్రేములు కట్టే ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన ధర చెప్పకముందే, "నాన్నగారి డిశ్చార్జి బుక్, జంపుల లెక్క ఉన్న కాగితం తెస్తారా బాబూ?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌లో నేల మీద శిక్షణ ముగించి, విమానం నుంచి ఐదుసార్లు, అందులో ఒకసారి రాత్రివేళ, దూకినవారికే వింగ్స్ ఇస్తారు. 2011లో లెఫ్టినెంట్ కల్నల్‌గా గౌరవ హోదా పొందిన ధోనీ కూడా 2015 ఆగస్టులో ఆగ్రాలో ఆ ఐదు జంపులు పూర్తిచేశాకే వాటిని ధరించగలిగాడు. సైన్యం సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో పనిచేస్తూ పారా బ్రిగేడ్‌కు (పారాచూట్ దళానికి) స్వచ్ఛందంగా వెళ్లిన మా నాన్నగారూ అలాగే సంపాదించుకున్నారు.

కుట్టు వింగ్స్‌తో పాటు ఎడమ జేబు మీద పెట్టుకునే చిన్న ఎనామెల్ బ్యాడ్జీ కూడా కావాలన్నాను. దానిపై 25 జంపులకు ఒక నక్షత్రం, 50కి రెండు, 100కి మూడు ఉంటాయి. నాన్నగారి కాగితంలో 31 ఉన్నాయి. దుకాణంలో అప్పుడు రెండు నక్షత్రాలదే ఉన్నా పెద్దాయన దాన్ని ఇవ్వలేదు. ఒక నక్షత్రంది తెప్పించేదాకా ఆగమన్నారు. అందువల్ల చెప్పిన రోజు కంటే తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆలస్యానికి నాకు బాధ లేదు గానీ, ఒక్క ఫోను చేసి ఉంటే రెండుసార్లు ఉప్పల్ నుంచి అంత దూరం ఊరికే తిరిగేవాడిని కాను.

అమరికలో ఆయన చూపిన శ్రద్ధ మరింత గొప్పది. కుర్ర పనివాడు వింగ్స్‌ను మనకు కుడివైపున పెడితే, పెద్దాయన వాటిని తీసి మనకు ఎడమవైపుకు మార్చారు. వింగ్స్ ధరించేది కుడి రొమ్ము మీద కాబట్టి, కోటు తొడుక్కున్న మనిషి ఎదురుగా నిలబడినట్లు చూడాలట. అతని కుడి రొమ్ము మనకు ఎడమవైపునే కదా! వెండి రంగు దారంతో కాక తెల్ల దారంతోనే పారాచూట్‌ను కుట్టి, తాళ్లను ఒక్కొక్కటిగా కిందికి కలిపారు.

మొత్తం 2,800 రూపాయలైంది. కుట్టుపనికి అది తక్కువే. అద్దం మాత్రం మామూలుది. కిటికీ ఎదురుగా పెడితే వెలుగు కొట్టి ఏమీ కనబడదు. మేము పెట్టెను పక్క గోడకు మార్చుకున్నాము. నాన్నగారు ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని, చాలాసేపు ఆ తాళ్లనే చూస్తూ నిలబడ్డారు.