అఫిడవిట్ పోర్టల్ రివ్యూ: కండువా మార్చిన నేత లెక్క తీయాలంటే

సొంత పార్టీతో తెగతెంపులు చేసుకున్న నాయకుడి గురించి మాటలకు కొదవుండదు, కాగితాలకే కరువు. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు తమ ఆస్తులు, కేసులు, ఆదాయం చెబుతూ ఇచ్చే ప్రమాణపత్రాలే అఫిడవిట్లు. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్ ఆ కాగితాలను పైసా తీసుకోకుండా ఇస్తుంది. సరుకు మేలైనదే, కొట్టు సర్దిన తీరే గజిబిజి.

ఈటల రాజేందర్‌నే తీసుకోండి. 2018లో టీఆర్ఎస్ తరఫున హుజూరాబాద్. 2021 జూన్‌లో రాజీనామా, అక్టోబరులో అక్కడే బీజేపీ అభ్యర్థిగా ఉపఎన్నిక. 2023లో హుజూరాబాద్, గజ్వేల్ రెండుచోట్లా పోటీ. 2024లో మల్కాజిగిరి లోక్‌సభ. ఇవన్నీ ఒకే పేజీలో వరుసగా రావు. అసెంబ్లీ, ఉపఎన్నిక, లోక్‌సభ అంటూ ఎన్నిక రకం మార్చి మళ్లీ మళ్లీ వెతకాలి. ఎక్కువమంది దాటేసేది ఉపఎన్నికనే. పార్టీ మారాక వేసిన తొలి అఫిడవిట్ ఉండేది మాత్రం అక్కడే! పాత ఎన్నికలవి ప్రధాన పోర్టల్లో కనబడకపోతే లేవనుకోకుండా ఆర్కైవ్‌లో చూడండి. ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, నియోజకవర్గం ఎంచుకుని జాబితా చూడడమే నయం. ఒకే పేరు రెండు మూడుసార్లు కనబడితే కంగారు వద్దు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయవచ్చు. అదే పేరున్న వేరే మనిషి కూడా కావచ్చు, తండ్రి పేరు సరిచూసుకోండి.

అసలు పని ఫారం 26, అంటే ఆ అఫిడవిట్ నమూనా, తెరిచాక మొదలవుతుంది. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే, లోపల పదం కొట్టి వెతకడం కుదరదు. ఆస్తి మొత్తాలు పోల్చి "పార్టీ మారి ఇంత వెనకేశాడు" అనేయడం తొందరపాటు. భూమి ధర పెరిగినా ఆ అంకె ఉబ్బుతుంది. స్థిరాస్తుల పట్టికలో సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, వారసత్వమా కాదా అన్న గళ్లు చూడండి. రాజీనామా తర్వాత కొన్నదేమిటో కొన్న తేదీయే చెబుతుంది. కేసుల్లోనూ ఎన్ని ఉన్నాయన్న లెక్క కాదు, ఎఫ్‌ఐఆర్ నంబర్లు పోల్చాలి. ఆదాయం దగ్గర ఇంకో తిరకాసు: ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు అడగడం 2019లో మొదలైంది. 2018 కాగితంలో ఒక్క ఏడాదిదే ఉంటుంది.

ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ వాళ్ల మైనేత సైటు ఇవే వివరాలను పట్టికల్లోకి ఎక్కించి పెడుతుంది. తొలిచూపుకు అదే హాయి. రాసేముందు మాత్రం అంకెను అసలు కాగితంతో సరిచూసుకోవాలి.

పోర్టల్‌కు అందని సంగతి ఒకటుంది. నామినేషన్ నాటి పార్టీయే అందులో కనిపిస్తుంది. పదవికి రాజీనామా చేయకుండా గోడ దూకినవాళ్లు మళ్లీ పోటీ చేసేదాకా అక్కడ పాత పార్టీవాళ్లే. బహిష్కరణకు గురైన ఎమ్మెల్యే కూడా రాజ్యాంగంలో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు లెక్కన టికెట్ ఇచ్చిన పార్టీ సభ్యుడే. అలాంటివాళ్ల విషయం తేలాలంటే స్పీకర్ ఉత్తర్వులు, అసెంబ్లీ బులెటిన్లు తిరగేయాల్సిందే.