నెట్ సెంటర్‌లో లినక్స్ మింట్: నాలుగేళ్ల తర్వాత

లినక్స్ మింట్ అంటే విండోస్ బదులు ఊరికే వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. అది ఎలా ఎక్కించాలో యూట్యూబ్ నిండా ఉంది, ఆ సంగతి వదిలేస్తున్నా. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర నాది నాలుగు సిస్టమ్‌ల నెట్ సెంటర్. నాలుగేళ్ల కిందట మూడింటిలో మింట్, వర్డ్ లాంటి పనులకు లిబ్రేఆఫీస్ పెట్టాను. ఏం నచ్చిందని అడిగితే నా జవాబు ఒకటే: పెన్‌డ్రైవ్.

పోయిన ఎండాకాలం తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. మర్నాడే థీసిస్ బైండింగ్‌కు ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఒక్క షార్ట్‌కట్ తప్ప ఏమీ లేదు. నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ఆ షార్ట్‌కట్ వైరస్ గురించి నేను చెప్పక్కర్లేదు. అంతకుముందు వెళ్లిన షాపులో ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారట. నేను తీసుకుని మింట్ సిస్టమ్‌కు పెట్టాను. షార్ట్‌కట్ పక్కనే ఇంకో ఫోల్డర్ కనబడింది. దానికి పేరు లేదు, పేరుండాల్సిన చోట ఖాళీ. ఆ వైరస్ చేసేది అదే. ఫైళ్లన్నిటినీ కంటికి కనబడని అక్షరం పేరుగా ఉన్న ఫోల్డర్‌లోకి తోసి, దానికి హిడెన్ గుర్తు తగిలిస్తుంది. విండోస్ ఆ గుర్తు చూసి ఫోల్డర్‌ను దాచేస్తుంది. లినక్స్‌లో దాగాలంటే పేరు ముందు చుక్క ఉండాలి, ఈ గుర్తును అది లెక్కచేయదు. తెరిస్తే ఆరు అధ్యాయాలూ లోపలే భద్రంగా ఉన్నాయి. ఆ పిల్ల "ఒక్క నిమిషం అన్నా" అని మొహం అటు తిప్పుకుని ఏడ్చేసింది.

ఇక్కడితో ఆపితే నాకు మంచి పేరే. కానీ అదే ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరిచేసరికి 184 పేజీలు 201 అయ్యాయి. ఆమె వాడింది గౌతమి ఫాంటు. అది విండోస్‌తో వచ్చేది, మింట్‌లో ఉండదు. దాని బదులు వేరే ఫాంటు వచ్చి కూర్చుంది, లైన్ల ఎత్తు మారింది, చేత్తో కొట్టిన విషయసూచికలో ఒక్క నంబరూ కలవలేదు. చివరికి ఫైలును నెట్‌వర్క్‌లో నాలుగో సిస్టమ్‌కు పంపి అక్కడ ప్రింటు తీశాం.

ఆ నాలుగోది ఇప్పటికీ విండోసే. నా పాత లేజర్ ప్రింటర్ మింట్‌లో ఒక నెల పనిచేస్తే ఇంకో నెల మొండికేస్తుంది.

మా ఆపరేటర్ మొదటిరోజే అన్నాడు, "ఊరికే వచ్చేది బాగుంటుందా నా?" వాడు అప్పటిదాకా వాడిన వర్డ్, ఫోటోషాప్ ఏవీ మేం కొన్నవి కావు, అన్నీ క్రాక్ కాపీలే! మా బజారులో ఉచితం అన్న మాటకు విలువ లేనిది అందుకే. సాఫ్ట్‌వేర్‌కు ఏనాడైనా డబ్బు కట్టి ఉంటే కదా, ఊరికే వస్తే సంతోషించేది. వాడి అసలు బాధ వేళ్లది. పదేళ్లు ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌లో తెలుగు కొట్టినవాడికి నేను ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ పెట్టిచ్చాను, అక్షరాలుండే మీటలే మారిపోయాయి. గంటకు ఏడెనిమిది పేజీలు కొట్టేవాడు రెండు దగ్గర ఆగిపోయాడు. బద్ధకం అనుకుని తిట్టాను కూడా. మింట్‌లోనూ ఆపిల్ లేఅవుట్ పెట్టుకోవచ్చని నాకు తెలిసింది ఏడాదిన్నర తర్వాత. అప్పటికే వాడు నాలుగో సిస్టమ్‌కు అతుక్కుపోయాడు. రోజూ పొద్దున రాగానే టిఫిన్ బాక్సు దాని పక్కన పెట్టేస్తాడు, ఇంకెవరూ కూర్చోకుండా.

కస్టమర్ల గోల కూడా అనుకున్నంత లేదు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు షాపులో కాలు పెట్టే సందుండదు, అయినా ఇదేం సిస్టమ్ అని ఒక్కరూ అడగరు. వాళ్లకు కావాల్సింది బ్రౌజరే. "వర్డ్ లేదా అన్నా?" అనేది బయోడేటా కొట్టించుకునేవాళ్లే.

నావి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లు. విండోస్ 11 వాటికి ఎక్కదు, 10కి సపోర్టు 2025 అక్టోబరులో అయిపోయింది. కాబట్టి నాకు వేరే దారి లేదు, నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి. విండోస్‌లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్ల మీద పెళ్లిపత్రికలు కొట్టి బతికే డీటీపీ షాపు వాళ్లకైతే మారమని చెప్పను. నెట్ సెంటర్ అయితే ఒక్క సిస్టమ్ మార్చి, వచ్చిన ప్రతి పెన్‌డ్రైవూ ముందు దానికే పెట్టి చూడండి.

కొత్త ప్రింటర్ కొన్నరోజు నాలుగోది కూడా మార్చేస్తానని మొన్న ఆపరేటర్‌తో అన్నాను. "ఉన్న ప్రింటర్ బాగానే ఉంది కదా నా" అన్నాడు.