చెక్క నేల మాసింది: పైపూత చాలా, చిత్రిక పట్టాలా?

వంటగది గుమ్మం దగ్గర ఓక్ పలకల మీద నాలుగు నీటిచుక్కలు వేసి అక్కడే చతికిలబడ్డాను. మూడు నిమిషాలకే చుక్కల కింద చెక్క నల్లబారింది. హాలు మధ్యలో అదే పని చేస్తే పది నిమిషాలైనా చుక్కలు ముత్యాల్లా నిలిచాయి, తుడిస్తే మచ్చ లేదు. నేలను ఏం చేయాలన్న చర్చ మా ఇంట్లో నెల రోజులుగా నడుస్తోంది. సగం జవాబు ఆ చుక్కలే చెప్పాయి. హాలులో పోయింది పైపూత నిగారింపు మాత్రమే, గుమ్మం దగ్గర పూతే పోయింది.

మాది న్యూజెర్సీలో 1950లలో కట్టిన ఇల్లు. నేలంతా రెడ్ ఓక్, రెండుంబావు అంగుళాల వెడల్పున్న పలకలు. అంత గట్టి చెక్కను ఈ స్థితికి తెచ్చింది పిల్లల ఆటలు కాదు, మా అలవాట్లు. బండల మీద, గచ్చు మీద బకెట్టు నీళ్లతో తడిబట్ట పెట్టడం చూస్తూ పెరిగాం. అమ్మ వచ్చి ఉన్న ఆరు నెలలూ రోజూ తడిబట్టే. అది పెట్టకపోతే ఇల్లు ఊడ్చినట్టే కాదని ఆమె లెక్క. దానికి తోడు పూజ మూలలో ప్రమిద నుంచి కారిన నువ్వుల నూనె.

మా ముందున్న దారులు మూడు. మొదటిది, దుకాణంలో దొరికే సీసా పాలిష్. ఇరవై డాలర్ల లోపే అయిపోతుంది, ఒక పూట పని. మూడేళ్ల కిందట పడకగదిలో నేనే పూశాను. రెండు నెలలు అద్దంలా మెరిసింది, ఆ తరువాత నడిచిన దారులన్నీ మసకబారాయి. అంతటితో పోయినా బాగుండేది. అందులో మైనం ఉంది. మైనం ఉన్న చోట కొత్త పాలియురెథేన్ (చెక్క నేల మీద వేసే గట్టి పూత) అతుక్కోదు. ఒక మూల పూసి చూపించమంటే పనివాడు పూశాడు. ఆరాక గోటితో గీకితే పాల మీద మీగడలా లేచి వచ్చింది. మైనం ఉందో లేదో తెలుసుకోవడానికి తెల్లగుడ్డను మినరల్ స్పిరిట్స్‌లో (పెయింట్‌ను పలుచన చేసే ద్రావకం) తడిపి నేల మీద రుద్దితే చాలు. గుడ్డకు పసుపు, గోధుమరంగు జిడ్డు అంటితే అనుమానించాల్సిందే. ఈ దారికి నా ఓటు లేదు.

రెండోది పైపూత. నేలను రుద్దే బఫర్ యంత్రానికి సన్నరకం జాలీ తగిలించి పాత పూతను కాస్త గరుకు చేస్తారు, దుమ్మంతా తీసేసి ఒక పూత వేస్తారు. చెక్కను ముట్టుకోరు. మాకు చదరపు అడుగుకు రెండు డాలర్లు చెప్పారు, ఒక్క రోజు పని. గీతలు పూతలోనే ఉంటే మాయమవుతాయి. చెక్కలోకి దిగిన గీతలు, నల్లమచ్చలు మాత్రం కొత్త మెరుపు కింద ఇంకా బాగా కనబడతాయి.

మూడోది పూర్తి శాండింగ్. మన వడ్రంగి తలుపుకు చిత్రిక పట్టినట్టు నేల మొత్తాన్ని గీకి కొత్త చెక్క తేలుస్తారు. ముతక ఉప్పు కాగితంతో మొదలుపెట్టి సన్నదానికి వస్తారు, ఆపైన రెండు మూడు పూతలు. చదరపు అడుగుకు ఐదు డాలర్లు అన్నారు. సామానంతా బయట పెట్టాలి, మూడు నాలుగు రోజులు ఇంకో చోట తలదాచుకోవాలి. ఫలితం మాత్రం కళ్లు చెదిరేలా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

నన్ను వెనక్కి లాగింది ఖర్చు కాదు, మందం. వేడిగాలి వచ్చే రంధ్రం మీది జాలీ ఎత్తి చూస్తే పలక అడ్డుకోత కనబడింది. ముప్పావు అంగుళం పలకే అయినా, ఒకదానిలో ఒకటి ఇరుక్కునే నాలుకకు పైన ఉన్న పావు అంగుళమే గీకడానికి పనికొచ్చే చెక్క. మా ఇంట్లో అందులోనూ కొంత ఎప్పుడో గీకేశారు, రెండు చోట్ల మేకుల తలలు తొంగి చూస్తున్నాయి. పైన పలుచని ఓక్ పొర అతికించిన ఇంజనీర్డ్ పలకలైతే చాలావాటిని ఇలా గీకనే కూడదు. ఇంకొకటి: అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసం (లెడ్) అనే విషలోహాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత పూతను పరీక్షించకుండా దుమ్ము లేపడం పిల్లలున్నవాళ్లు చేయాల్సిన పని కాదు.

చివరికి ఇల్లంతటికీ ఒకే మందు వేయలేదు. హాలుకు పైపూత, వంటగదికి గుమ్మం వరకు శాండింగ్. మధ్యలో ఒక్క చోట గీకితే అతుకు వేసినట్టు కనబడుతుంది. గుమ్మం దగ్గర ఆపితే కన్ను పట్టదు. నీటి ఆధార పూత రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది, వాసన తక్కువ, నాకు అదే ఇష్టం. అయినా వంటగదికి నూనె ఆధారపు పాలియురెథేనే వేయించాను. హాలులో పాత నూనె పూత ఏళ్ల తరబడి తేనెరంగుకు తిరిగింది, దాని పక్కన రంగు తేలని నీటి ఆధార పూత వేస్తే గుమ్మం దగ్గర గీత గీసినట్టు ఉండేది. పూత పూతకీ ఒక రోజు ఆగాం, తివాచీలు నెల తరువాతే పరిచాం. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. పనివాడు వాటిని పెరట్లో విడివిడిగా పరిచి ఆరబెట్టాడు.

పడకగది అలాగే ఉంది, తివాచీ కింద. పూజ మూలలో మచ్చ పోలేదు, ప్రమిద కింద ఇత్తడి పళ్లెం పెట్టాం. వచ్చే నెల అమ్మ వస్తోంది. బకెట్టు తీసుకెళ్లి గ్యారేజీలో అటక మీద పెట్టాను.