పాత ఫోర్‌వీల్ జీపు కొంటున్నారా? ముందు చక్రం పైకెత్తి చూడండి

నిరుడు దసరాకు ముందు 3,40,000 రూపాయలు పోసి పాత మహీంద్రా ఎంఎం 540 జీపు కొన్నాను. ఆ తర్వాత దాని మీద ఇంకో లక్షా డెబ్బై వేలు పెట్టాను. అయినా ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. అమ్మినవాడి పేరు రాయను. రాస్తే వారంలో బోర్డు మార్చేస్తాడు. మోసం చేసే పద్ధతి మాత్రం మారదు కాబట్టి అదే రాస్తున్నాను.

మాది రాజోలు వైపు. సముద్రానికి దగ్గరలో రొయ్యల చెరువులున్నాయి. వాన పడితే గట్ల మీది మట్టి చక్రానికి రోటిలో పిండిలా చుట్టుకుంటుంది, మామూలు బండి కదలదు. మేత బస్తాలకు ట్రాక్టరు ఉంది. కానీ అర్ధరాత్రి కరెంటు పోయి, జనరేటరు ఎత్తుకోవడం లేదని కాపలా కుర్రాడు ఫోను చేస్తే ట్రాక్టరెక్కి వెళ్లే ఓపిక ఈ వయసులో లేదు. మారేడుమిల్లి ఘాటు సొంత జీపులో ఎక్కాలన్న సరదా కూడా ఉంది, దాచడం ఎందుకు.

బండి ముదురాకుపచ్చ రంగులో నిగనిగలాడుతోంది. "మిలటరీ వేలంలో పాడిన బండండీ, సొంతానికి ఉంచుకుందామనుకున్నాను" అన్నాడు అమ్మినవాడు. ఆర్‌సీ తీసి చూస్తే మొదటి యజమాని పక్క జిల్లా రైతు. మిలటరీది అందులో రంగు ఒక్కటే. ఆ రంగు కూడా తప్పేనని తర్వాత తెలిసింది: కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆలివ్ ఆకుపచ్చను రక్షణ శాఖ బండ్లకే వదిలింది. అంటే మళ్లీ రంగు ఖర్చు కూడా నాదే.

ఇక అసలు సంగతి. వాడి ఆవరణ అంతా సిమెంటు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపే ఫోర్‌వీల్ లీవరు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, జీపును గుండ్రంగా ఒక చుట్టు తిప్పి చూపించాడు. వెన్నలా తిరిగింది. పాత బండి ఎంత మెత్తగా ఉందో అని నేను మురిసిపోయాను. అక్కడే దొరికిపోయాను. ఈ జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగంలో తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. నాలుగు చక్రాలకూ నిజంగా బలం వెళుతుంటే, పొడి సిమెంటు మీద మలుపు తిరిగేటప్పుడు బండి బిగుసుకుపోవాలి, స్టీరింగు మొరాయించాలి, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉండాలి. మెత్తగా తిరిగిందంటే ముందు చక్రాలకు బలం వెళ్లడం లేదని అర్థం. నాకది కొన్న నెలకు తెలిసింది.

కార్తీకంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. మూడో చెరువు గట్టు మీద జీపు దిగబడింది. లీవరు వేశాను, రెండో లీవరుతో లో గేరూ వేశాను. వెనక చక్రాలు మట్టి చిమ్ముకుంటూ గోతిలోకి దిగిపోతున్నాయి. కాపలా కుర్రాడు టార్చి పట్టుకుని ముందు వంగి చూసి, "ఇవి అసలు తిరగడం లేదండీ" అన్నాడు. నేను నమ్మలేదు. దిగి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, వాడిని యాక్సిలేటరు తొక్కమన్నాను. కింద ముందు వైపు వెళ్లే జాయింటు రాడ్డు గిర్రున తిరుగుతోంది. చక్రం మాత్రం గుడిలో విగ్రహంలా నిలబడి ఉంది. చివరికి ట్రాక్టరే వచ్చి లాగింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అది ఇంకా బాధ.

మర్నాడు మా మేస్త్రి ముందు చక్రం మధ్యలో ఉండే హబ్బు మూత విప్పాడు. పళ్లున్న యాక్సిల్ రాడ్డు కొస కనిపించాల్సిన చోట బొక్క. వేలు పెడితే ఎండిన గ్రీజు తప్ప ఏమీ తగల్లేదు. రెండో వైపూ అంతే. "పాత జీపులకు ఇది మామూలే బాబూ" అన్నాడాయన. ముందు రాడ్డు విరిగినా, దాని చివరి క్రాసు కీలు అరిగి శబ్దం వచ్చినా, కొత్తది వేయించకుండా రెండూ పీకేస్తారట. పీకిన వాటిలో బాగున్నది ఇంకో బండికి అమ్ముడుపోతుంది. లీవరు పడుతుంది, గేరు శబ్దం మారుతుంది, కొనేవాడు సంతోషిస్తాడు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క జాకీ చాలు. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. ఇంజను ఆపి, గేరులో ఉంచి, ఫోర్‌వీల్ లీవరు వేసి, ముందు చక్రం ఒకటి మాత్రమే పైకెత్తండి. హబ్బులకు తిప్పే మీటలు ఉంటే రెండు వైపులా లాక్ వైపు తిప్పండి. ఇప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పండి. కొద్దిగా ఊగి ఆగిపోవాలి. బొంగరంలా తిరిగితే లేచి ఇంటికి వెళ్లిపోండి. రెండో చక్రానికీ విడిగా ఇలాగే చేయండి. అమ్మేవాడు "జాకీ లేదండీ" అంటే అదే జవాబు అనుకోండి.

రెండో దెబ్బ తుప్పు. మన వైపు బండ్లకు ఇది తప్పదు. ఉప్పుగాలి ఒకటి, చెరువుల ఉప్పునీటి బురద ఒకటి. ఛాసిస్ కమ్మీల లోపలికి చేరిన బురద ఆరినా ఉప్పు అక్కడే ఉండి లోపలినుంచి తింటుంది. నా జీపు కింద అంతా తాజాగా తారు పూసి ఉంది. "కింద తుప్పు పట్టకుండా ముందు జాగ్రత్తండీ" అన్నాడు. వెనక కమాను కట్ట బిగించే చోట మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే, ముదిరిన బెండకాయలో దిగినట్టు దిగింది. తారు కింద లప్పం, లప్పం కింద పొడి. మీరు వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. లప్పం మందంగా ఉన్న చోట అది అంటుకోదు. కింద కొత్త తారు కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి.

ఇంకో చిన్న పరీక్ష. ఇరుసు మధ్య ఉండే గుండులో నూనె నింపే బిరడా విప్పి, వేలు ముంచి నూనె చూడండి. నాది పాలెక్కువైన టీలా ఉంది, అంటే నీళ్లు కలిశాయి. వేడెక్కిన ఇరుసు నీళ్లలోకి దిగగానే చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది. గాలి గొట్టమో సీలో పాడైతే ఆ దారినే నీళ్లు పీల్చుకుంటుంది. వరదల్లో, చెరువుల్లో తిరిగిన బండికి లోపలి పళ్లు కూడా పోయి ఉండవచ్చు.

కాగితాల విషయం కూడా చెప్పాలి. ఈ జీపుకు ఫ్రెంచి కంపెనీ ప్యూజో నమూనా డీజిల్ ఇంజను ఉండాలి. నాదానిలో తర్వాతి కాలం డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను బిగించారు. బాగానే లాగుతుంది, కాదనను. కానీ దాని మీది నంబరు ఆర్‌సీలో లేదు. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు బండి తీసుకెళ్లి చూపించాలి. నాకు ఆ గడువు వచ్చే ఏడాదే. లావు టైర్లు, ఎత్తు పెంచిన కమాన్లు చూసి కూడా మురిసిపోకండి. నా జీపు యాభై దాటితే స్టీరింగు వణికేది అందుకే.

అమ్మినవాడికి ఫోను చేస్తే, "పాత బండికి గ్యారంటీ ఏముంటుందండీ, తిప్పి చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. నిజమే, తిప్పి చూసుకునే తీసుకున్నాను.

మొన్న కడియం నర్సరీలకు కొబ్బరి మొక్కల కోసం వెళుతూ ఆ ఆవరణ ముందు ఆగాను. కొత్తగా ఇంకో జీపు పెట్టాడు, ఈసారి ఇసుక రంగు. వంగి చూశాను. కింద తారు ఇంకా ఆరలేదు, వేలికి అంటింది.