ఆరు సవాళ్ల ఇంజనీరింగ్ కిట్: ఒక టర్మ్ వాడాక

ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. పిల్లలకి ఇంజనీరింగ్ డిజైన్ పద్ధతి చేతులతో నేర్పుతుందని చెప్పి అమ్మే ఈ కిట్‌ని రెండు సెక్షన్లలో ఒక టర్మ్ మొత్తం వాడాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి టీచర్లకి ముందే చెప్పేస్తున్నా: కొనండి. అందులో ఇచ్చిన టైమ్‌టేబుల్‌ని మాత్రం పక్కన పెట్టండి.

పెట్టెలో ఆరు కార్డులుంటాయి. కాగితం వంతెన, టవరు, పైనుంచి వదిలినా పగలని గుడ్డు, మురికినీటి వడపోత, దూది ఉండ విసిరే యంత్రం, రబ్బరు బ్యాండు బండి. ఎనిమిది జట్లకి సరిపడా సామాను, ఒక స్ప్రింగు త్రాసు, గోడకి తగిలించే చార్టు కూడా ఇస్తారు. చార్టు మీద అయిదు మెట్లు: అడుగు, ఊహించు, ప్లాన్ వెయ్యి, కట్టు, మెరుగుపరచు. బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ వాళ్లు చిన్న తరగతుల కోసం తయారుచేసిన పాఠాల్లోనూ ఈ అయిదే ఉంటాయి.

నాకు బాగా నచ్చింది సామాను పట్టిక. ఒక్కో జట్టుకి వంద పాయింట్లు. కాగితానికి పది, ఒక మూర టేపుకి పదిహేను, స్ట్రాకి అయిదు. ఇది లేనప్పుడు మా పిల్లలు దేన్నైనా టేపుతో చుట్టేసేవాళ్లు. టేపుకి ఖరీదు కట్టగానే ఎక్కడ అతికించాలి, ఎక్కడ మడత చాలు అని వాదించుకోవడం మొదలుపెట్టారు. హద్దులుంటేనే డిజైన్ అన్న మాటని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. అది వాళ్లకి అర్థమైంది ఆ వాదనల్లోనే.

ఇక వంతెన. 20 సెంటీమీటర్ల ఖాళీ, ఒకే ఒక A4 కాగితం. ఊరికే పరిస్తే నాలుగు నాణేలకే జారిపోయింది. పొడవునా విసనకర్రలా మడతలు పెట్టిన ఒక జట్టు వంతెన 140 గ్రాములు మోసి కూలింది. ఎలా కూలిందని అడిగితే, ‘బరువెక్కువైంది టీచర్’ అన్నారు. ఇంకోసారి కట్టి, కంటిని బల్ల ఎత్తులో పెట్టి చూడమన్నాను. మధ్యలో మడతలు పక్కలకి విప్పుకుని చదునైపోతున్నాయి. మడత ఎత్తే వంతెనకి బలం, అది పోతే మళ్లీ ఉత్త కాగితమే. మూడోసారి కింద అడ్డంగా రెండు టేపు ముక్కలు అతికించి మడతలు విప్పుకోకుండా పట్టి ఉంచారు. 390 గ్రాములు మోసింది. పక్క జట్టు మడతలు ఇంకా ఎత్తు పెంచితే బాగుంటుందనుకుంది. ఎత్తు పెరిగేసరికి గోడలే నలిగి మధ్యలో మడుచుకుపోయాయి. ఒకే కాగితం, ఒకే ఖాళీ, కూలిన తీరు మాత్రం వేరు. ఆ రెండు వంతెనల్ని పక్కపక్కన పెట్టి మాట్లాడుకున్న ఇరవై నిమిషాలే నాకు ఈ టర్మ్‌లో దొరికిన మంచి పాఠం.

నా ఫిర్యాదు కూడా ఇక్కడే. కిట్ లెక్క ప్రకారం ఒక సవాలుకి ఒక పీరియడే. కట్టడం, పరీక్షించడం, మార్కులు వేయడంతోనే గంట కొడుతుంది. అయిదో మెట్టు చార్టు మీదే మిగిలిపోతుంది. నేను ఆరు సవాళ్లని నాలుగుకి తగ్గించి, ఒక్కోదానికి మూడు పీరియడ్లు ఇచ్చాను. రెండో ప్రయత్నంలో ఒక్క మార్పే చెయ్యాలని, ఎందుకు చేస్తున్నారో ముందే రాయాలని నియమం పెట్టాను. మార్కుల కాగితం కూడా మార్చాను. కిట్‌లో ఎక్కువ బరువు మోసిన జట్టుకే పూర్తి మార్కులు. నేను మొదటి ప్రయత్నానికీ చివరిదానికీ మధ్య తేడాకి సగం మార్కులు పెట్టాను.

గుడ్డు సవాలు పిల్లలకి ప్రాణం. కానీ పగిలిందా లేదా అన్న ఒక్క జవాబుతో ఏం మెరుగుపరచాలో తెలియదు. నేను ఒక మీటరు నుంచి మొదలుపెట్టి అర మీటరు చొప్పున ఎత్తు పెంచుతూ వెళ్లాను. అప్పుడు ప్రతి జట్టు చేతికీ ఒక అంకె వచ్చింది. వడపోతకీ కొలత ఇవ్వలేదు. గ్లాసు కింద అచ్చు అక్షరాల కాగితం పెట్టి, ఎన్ని సెంటీమీటర్ల నీటి లోంచి చదవగలరో చూశాం. తేటగా కనిపించినంత మాత్రాన తాగే నీళ్లు కావని కార్డులో రాయలేదు, మీరే చెప్పండి.

టవరు కార్డు డిజైన్ నిపుణుడు టామ్ వుజెక్ ప్రచారంలోకి తెచ్చిన మార్ష్‌మాలో సవాలు లాంటిదే: 18 నిమిషాలు, 20 స్పఘెట్టీ (పొడవాటి ఎండు సేమ్యా లాంటివి) పుల్లలు, ఒక గజం టేపు, ఒక గజం దారం, పైన మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి. అందులో కిండర్‌గార్టెన్ పిల్లలు బిజినెస్ స్కూలు పట్టభద్రుల కంటే సగటున ఎత్తుగా కట్టారని ఆయన చెప్పారు, మొదటి నుంచీ మార్ష్‌మాలోని పైన పెట్టి చూసుకుంటూ కట్టారు కాబట్టి. మా జట్లలోనూ బరువుని చివరి నిమిషంలో పైన పెట్టినవాళ్ల టవర్లే ఒరిగిపోయాయి.

జట్టుకి నలుగురు చాలు. అయిదుగురైతే ఒకరు చూస్తూ ఉండిపోతారు. జట్టులో ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పే కార్డులు కిట్‌లో ఇచ్చారు, మంచివే గానీ, కత్తెర ఎప్పుడూ ఒకే చేతిలో ఉంటుంది. బొమ్మ గీసినవాళ్లు కత్తిరించకూడదన్నాను. మొదటి రెండు వారాలు నోరు విప్పని ఒక అమ్మాయి, తను గీసిన బొమ్మని వేరేవాళ్లు తప్పుగా కత్తిరిస్తుంటే ఆపి, కొలతలు రాసి ఇచ్చింది. ఆ తర్వాత ఆ జట్టు బొమ్మల మీద కొలతలు లేకుండా పని మొదలవలేదు.

నాలుగో సవాలుకే టేపు అయిపోతుంది, ఇంకో రెండు చుట్టలు తెచ్చి పెట్టుకోండి. మిగతా సామానుకి పాత కాగితాలు, అట్టలు సరిపోతాయి. తయారీదారులు టీచరు పుస్తకంలోనే కాక పిల్లల పుస్తకంలోనూ పూర్తయిన వంతెన ఫొటో వేశారు. అది చూసిన సెక్షన్‌లో ఎనిమిది జట్లూ అదే కట్టాయి. రెండో సెక్షన్‌కి ఇచ్చే ముందు ఆ పేజీలు పిన్ను కొట్టి మూసేశాను.