యెకాతెరిన్‌బర్గా, మాగ్నితోగోర్స్కా?

గిండీ, అంబత్తూరు పారిశ్రామికవాడల్లో పనిచేసిన చెన్నై తెలుగువారు రష్యాలోని యూరల్ పర్వతసీమ చరిత్రను ఒకే నగరం ద్వారా తెలుసుకోదలిస్తే, ఎంపిక ప్రధానంగా ఈ రెండు నగరాల మధ్యనే ఉంటుంది.

యెకాతెరిన్‌బర్గ్ 1723లో ఇసెత్ నదికి ఆనకట్ట కట్టి, ఆ నీటి బలంతో ఇనుప కర్మాగారాన్ని నడపడంతో పుట్టింది. ఖనిజం కొండల్లోనూ, కొలిమికి కావలసిన కర్రబొగ్గు చుట్టూ ఉన్న అడవుల్లోనూ దొరికేవి. 1918లో జార్ (రష్యా చక్రవర్తి) కుటుంబం హత్యకు గురైనది ఈ నగరంలోనే; 1924 నుంచి 1991 వరకు దీన్ని స్వెర్ద్‌లోవ్స్క్‌గా పిలిచారు. 1933లో ప్రారంభమైన ఇక్కడి ఉరల్‌మాష్ యంత్ర కర్మాగారం మన భిలాయ్ ఉక్కు కర్మాగారానికి కూడా పరికరాలు పంపింది.

మాగ్నితోగోర్స్క్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. నా మొగ్గు కూడా దానివైపే. అయస్కాంత ఖనిజపు కొండ పక్కన, చిన్న పల్లె తప్ప మరేమీ లేని గడ్డిమైదానంలో 1929లో పని మొదలుపెట్టి, అమెరికాలోని గేరీ ఉక్కు కర్మాగారాన్ని నమూనాగా తీసుకుని, 1932 నాటికే తొలి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించారు. ఆ వేగానికి మూల్యం చెల్లించినవారిలో ఉత్సాహంతో వచ్చిన యువకులతో పాటు, భూములు కోల్పోయి బలవంతంగా తరలివచ్చి గుడారాల్లో చలికాలం గడిపిన రైతులూ ఉన్నారు. బొగ్గేమో దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలోని కుజ్‌నెత్స్క్ గనుల నుంచి రైళ్లలో రావలసి వచ్చేది. సోవియట్ ప్రణాళికకర్తల మొండితనానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఆసియా, ఐరోపాల సరిహద్దుగా భావించే యూరల్ నదికి ఆసియా ఒడ్డున కర్మాగారం, ఐరోపా ఒడ్డున తరువాతి నివాసాలు వెలిశాయి. ఆ కొండలోని ఖనిజం చాలావరకు తరిగిపోవడంతో, కర్మాగారం ఇప్పుడు బయటి ఖనిజంపై ఆధారపడుతోంది.